భానూర్ బండ్ల బాట

మట్టి బాట మీద మోటారు సైకిలు నడపడానికి సెలవు చూసుకుని, పెట్రోలు ఖర్చు పెట్టుకుని మరీ వెళ్ళేవారు ఉంటారని మా తండ్రుల తరం వారికి చెబితే నమ్మరు. వారికి ఉన్నదంతా మట్టి బాటే. మా ఊరికి తారు రోడ్డు ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూడటంతోనే వారి వయసు గడిచిపోయింది. ఇప్పుడు పటాన్‌చెరు చుట్టుపక్కల తారు గాని, సిమెంటు గాని లేని చోటును వెదుక్కోవలసి వస్తున్నది. గత అక్టోబరు రెండవ శనివారం మేము నలుగురం అలా వెదుక్కుంటూ భానూర్ వైపు వెళ్ళాము.

మిత్రులు తమ పేర్లు వ్రాయవద్దన్నారు గనుక వారి పనులను బట్టే చెబుతాము. ఒకరు వెల్డింగ్ షాపు పెట్టుకున్న అన్న. ఈ సరదా మాకు అంటించినది ఆయనే. 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ బండి ఆయనది. రెండవవారు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పే మాస్టారు. ఆయనది 2016 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్; బరువు రెండు వందల కిలోలకు కొంచెం తక్కువ. మూడవవాడు పాశమైలారం వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే తమ్ముడు. అతడు 2011లో వచ్చి, కొనేవారు లేక కొన్నేళ్ళకే ఆగిపోయిన హీరో ఇంపల్స్‌ను ఎవరి దగ్గరో చవకగా కొని, విడిభాగాలు వెదకటంలోనే సగం ఆదివారాలు ఖర్చు చేస్తుంటాడు. ఇక ఇది వ్రాస్తున్న మా బండి స్ప్లెండరు. బడి పిల్లలను దింపడానికి, ఆసుపత్రిలో ఉన్నవారిని చూసి రావడానికి కొన్న బండి. దానికి ఈ సరదాలేవీ తెలియవు.

“అయ్యగారూ, మీరు ఆ బండితో వస్తే మాకు ధైర్యం. అది పోయిన చోటికి మావి పోకపోతే సిగ్గు” అన్నాడు తమ్ముడు. అది మెచ్చుకోలో ఎగతాళో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తెల్లవారి ఆరు గంటలకు హైవే పక్కన టీ త్రాగి, వెల్డింగ్ అన్న మా నాలుగు బండ్ల టైర్లలోనూ గాలి తగ్గించాడు. రోడ్డు మీద ముప్పైకి అటు ఇటుగా ఉండే గాలిని ఇరవై దాకా దించాడు. గాలి తగ్గితే టైరు నేల మీద కొంచెం వెడల్పుగా పరుచుకుని మట్టిని పట్టుకుంటుంది. రాయి తగిలినా ఎగిరిపడదు. మరీ తగ్గిస్తే ట్యూబు నలిగి పంచరవుతుంది. ఈ లెక్క పుస్తకంలో ఉండదు, బొటనవేలితో టైరును నొక్కి చూస్తే తెలియాలి అన్నాడు. మాస్టారు మాత్రం మీటరు పెట్టి చూసుకున్నారు.

ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కింద నుండి వెళ్ళాము. నూట యాభై ఎనిమిది కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. రానిచ్చినా మాకు దానితో పని లేదు. భానూర్ అనగానే ఈ ప్రాంతం వారికి గుర్తు వచ్చేది భారత్ డైనమిక్స్. 1970లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లో మొదలైన ఆ ప్రభుత్వ సంస్థ యుద్ధ ట్యాంకులను ఛేదించే క్షిపణులను ఇక్కడి కర్మాగారంలో తయారు చేస్తున్నది. ఇంకొంచెం పడమటికి వెళితే ఎద్దుమైలారం. అక్కడ సైన్యానికి గొలుసు చక్రాల ‘శరత్’ వాహనాలు తయారవుతాయి. 2008లో మొదలైన ఐ.ఐ.టి. హైదరాబాదు, కంది దగ్గర సొంత ప్రాంగణానికి 2015లో మారేవరకు, ఆ కర్మాగారం ఆవరణలోనే పాఠాలు చెప్పుకున్నది. బురద అన్నా, బండలన్నా లెక్క చేయని వాహనాలు తయారయ్యే చోటు పక్కనే మేము స్ప్లెండరు వేసుకుని సాహసానికి బయలుదేరామన్న సంగతి మాస్టారు చెబితే గానీ మాకు తోచలేదు. కర్మాగారం గోడ వెంట ఎక్కడా ఆగకుండా, ఫోను బయటికి తీయకుండా దాటేశాము. అక్కడ అదే మర్యాద.

తారు రోడ్డు దిగిన తరువాత మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు ఎర్ర మొరం బాట. ఆ ఉదయం అంత హాయి మరెక్కడా కలగలేదు. రెండు వైపులా సీతాఫలం పొదలు, అక్కడక్కడ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, తుమ్మచెట్ల మీద మంచు. సీతాఫలాలు అప్పుడే కళ్ళు తెరుస్తున్నాయి. వెల్డింగ్ అన్న మమ్మల్ని ఒక ఖాళీ జాగాలో ఆపి పాఠం చెప్పాడు. కూర్చుని నడపవద్దు, ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడండి. మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును అదిమి పట్టండి, చేతులు వదులుగా ఉంచండి. బండి కింద ఎగురుతుంటే ఎగరనివ్వండి, మీరు మాత్రం దానితోపాటు ఎగరవద్దు. ముందు చక్రం వైపు చూడవద్దు, ఇరవై గజాల అవతల చూడండి; కళ్ళు ఎక్కడ ఉంటే బండి అక్కడికే పోతుంది.

ఈ చివరి మాట అబద్ధమని నిరూపించాలని కాదు గానీ, మేము ఇరవై గజాల అవతల చూస్తూనే కాళ్ళ ముందున్న రాయికి తగిలి పడ్డాము. దెబ్బ తగలలేదు. పడిన బండిని లేపడానికి కూడా ఒక పద్ధతి ఉందట. బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో సీటు కింది ఇనుమును పట్టుకుని, కాళ్ళ బలంతో వెనక్కు నడవాలి. స్ప్లెండరుకు అంత శాస్త్రం అక్కరలేదు గానీ నేర్చుకున్నాము. మధ్యాహ్నానికి అదే పనికి వచ్చింది.

ఈ ఆట కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో కేంబర్లీ అనే చోట మొదటి ‘స్క్రాంబుల్’ పందెం 1924 మార్చిలో జరిగింది. మన మెదక్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగినది ఆ ఏడాది క్రిస్మసు నాడే. పారిస్ నుండి ఆఫ్రికాలోని డాకర్ వరకు ఎడారి మీదుగా జరిగే పందెం 1978 డిసెంబరులో మొదలైంది. తరువాత అది దక్షిణ అమెరికాకు, 2020 నుండి సౌదీ అరేబియాకు మారినా పేరు మాత్రం డాకరే. దానిని పూర్తి చేసిన మొదటి భారతీయుడు బెంగళూరుకు చెందిన సి. ఎస్. సంతోష్, 2015లో. ఇవన్నీ తమ్ముడు చెప్పిన సంగతులు. షిఫ్టుకు షిఫ్టుకు మధ్య నిద్ర మానుకుని ఈ వీడియోలు చూస్తాడని వాళ్ళ అమ్మ మాకు చాలాసార్లు ఫిర్యాదు చేసింది.

దక్షిణానికి తిరిగితే దూరంగా రైలు కట్ట కనిపించింది. అది సికింద్రాబాదు నుండి వాడి వెళ్ళే మార్గం. నిజాం కాలంలో, 1874లో వేసినది. అటు వైపు ఒక చిన్న చెరువు, దాని కట్ట మీదుగా బండ్ల బాట ఉన్నాయని మాస్టారి ఫోనులో ఉన్న పాత గ్రామ నక్షలో తేలింది. పట్టణాల్లో పెరిగిన మన పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. నిజాం కాలపు సర్వేలో గీసిన గ్రామ నక్షలలో సర్వే నెంబర్లతోపాటు ఎడ్ల బండ్లు నడిచే బాటలను కూడా గీతలుగా చూపించారు. వీటినే మన వైపు నక్ష బాటలు అంటారు. నక్షలో ఉన్న బాట ఏ ఒక్కరి పట్టాలోనిదీ కాదు, అందరిదీ. బండి పోవచ్చు, పశువులు పోవచ్చు, శవం పోవచ్చు, పెండ్లి పోవచ్చు. మాస్టారికి ఇది పెద్ద ఆనందం. ఎవరి పొలంలోనూ అడుగు పెట్టకుండా రోజంతా నక్ష బాటల మీదే తిరగాలని మేము ముందుగానే ఒక నియమం పెట్టుకున్నాము.

చెరువు అలుగు దగ్గర గొర్రెలను మళ్ళేస్తున్న ఒక అమ్మ మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది. “అటు పోకున్రి సారూ. అవతల అంతా రేగడి. మొన్న రాత్రి వాన గొట్టింది. బండ్లు కూరుకపోతయ్.”

“బాట ఉందా అమ్మా?” అని మాస్టారు అడిగారు.

“బాటుండె” అన్నది ఆమె.

ఆ ‘ఉండె’ అన్న మాటను మేము ఎవరమూ పట్టించుకోలేదు. రేగడి అన్న మాటనైతే విన్నాము గాని, విని నవ్వుకున్నాము. ఈ బండ్లు ఉన్నదే అందుకు కదా అన్నాడు తమ్ముడు. అవును అన్నాము. ఈ అవును అన్నది మేమే అని ఒప్పుకోవాలి.

పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థను స్థాపించినప్పుడు అక్కడి నేలలో ఎర్రమట్టి, నల్లరేగడి రెండూ ఉండటం ఆ చోటుకున్న గొప్ప సౌకర్యం. ఎర్ర మొరం మన గ్రానైటు గుండ్లు అరిగి ఏర్పడినది. వాన పడితే నీరు దిగిపోతుంది, గంటలో నడవవచ్చు. రేగడి అలా కాదు. దానిలోని బంక నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. తడి రేగడి మీద చక్రం తిరిగితే మట్టి విడిచిపెట్టదు. చుట్టు మీద చుట్టుగా అంటుకుని టైరు లావవుతూ పోతుంది. చివరికి టైరుకు, మడ్‌గార్డుకు మధ్య ఇటుకలా బిగుసుకుని చక్రమే ఆగిపోతుంది. ఇలాంటి నేలలకు చేసిన బండ్లలో ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైన ఉండటం అలంకారానికి కాదని ఆ రోజు మాకు బోధపడింది. మా స్ప్లెండరు మడ్‌గార్డు టైరును ఆనుకునే ఉంటుంది.

అలుగు దాటి అర కిలోమీటరు బాగానే వెళ్ళాము. అక్కడ బాట ఆగిపోయింది. ఆగిపోయిందంటే, ఎదురుగా కొత్త సిమెంటు పలకల ప్రహరీ నిలబడి ఉంది. నక్షలో బాట నేరుగా ముందుకు పోతున్నది. మా కళ్ళ ముందు గోడ. లోపల తెల్ల సున్నం పూసిన హద్దు రాళ్ళు వరుసగా ఉన్నాయి. ప్లాట్ల వెంచరు. గోడ పక్కనుండి ఎవరివో ట్రాక్టరు చక్రాల గుర్తులు చేనులోకి దిగి, మూలన తిరిగి, అవతల మళ్ళీ బాటను చేరినట్టు కనిపించాయి. వెనక్కు వెళ్ళి ఉండవలసింది. ఎవరో పోయారు కదా, మనమూ ఆ గుర్తుల మీదే పోదాము, కొత్తగా తొక్కేది ఏమీ లేదు అనుకున్నాము. పొద్దున పెట్టుకున్న నియమం పదిన్నరకు అలా పోయింది.

ముప్పై గజాలు పోయామో లేదో మా ముందు చక్రం బిగుసుకుపోయింది. వెనకే వస్తున్న హిమాలయన్ మమ్మల్ని తప్పించబోయి గుర్తులు దాటి మెత్తటి నేలలోకి దిగి, ఇరుసు దాకా కూరుకుపోయింది. దానిని లాగడానికి వెల్డింగ్ అన్న, తమ్ముడు దిగారు. ముందు నుండి ఒకరు, వెనుక నుండి ఒకరు, పక్క నుండి తమ్ముడు. మాస్టారు గేరు వేసి క్లచ్చు వదలగానే వెనుక చక్రం ఒక్కసారి పక్కకు జారి, అంత బండీ తమ్ముడి మీదికి ఒరిగింది. అతడి ఎడమ కాలు కింద ఉండిపోయింది. సైలెన్సరు వేడికి ప్యాంటు కమురు వాసన. వెల్డింగ్ అన్న గబుక్కున ఇంజను ఆపాడు. పొద్దున నేర్చుకున్న పద్ధతిలో వీపు ఆనించి లేపబోతే మా కాళ్ళే బురదలో జారుతున్నాయి. ఒక నిమిషం పట్టిందో రెండు పట్టిందో. తమ్ముడు కేక వేయలేదు. పళ్ళు కరుచుకుని “మెల్లగా, మెల్లగా” అంటున్నాడు.

నాలుగో మనిషి చేతులు ఎక్కడి నుండి వచ్చాయో మేము చూడలేదు. డెబ్బై ఏళ్ళ పైబడిన పెద్దమనిషి, తలకు తువ్వాలు. వచ్చీ రాగానే సీటు కింద భుజం పెట్టాడు. బండి లేచింది.

కాలు బయటికి తీసి చూస్తే చీలమండ అప్పుడే ఉబ్బుతున్నది. పెద్దమనిషి తన సీసాలోని నీళ్ళు కాలిన చోట పోస్తూనే ఉన్నాడు. తరువాత కొడవలి తెచ్చి మా మడ్‌గార్డులోని మట్టిని గీకి పారేశాడు. అంతా అయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూశాడు. అప్పుడు మేమూ చూశాము. ఆ చేనులో సెనగ మొలిచి ఉంది. వారం పది రోజుల మొలక, వ్రేలెడు కూడా లేదు. మేము నిలబడిన చోట, లాగిన చోట, పడిన చోట ఎనిమిది పది సాళ్ళు మొత్తం బురద ముద్ద.

“ఎవరు బిడ్డా మీరు? గీ సెన్ల కెందుకొచ్చిన్రు?”

“బాట ఇటే అనుకున్నాము తాతా” అన్నారు మాస్టారు.

“బాట మీ ముంగటనే ఉన్నది. గోడ లోపటికి పోయింది.”

వేసవిలో గోడ కట్టారట. అప్పటి నుండి ట్రాక్టరు రావాలంటే మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి, ఇంకొకరి చేను మీదుగా రావాలి. ఆ చేను ఆయన ఒకసారి రానిస్తాడు, ఒకసారి రానివ్వడు. పోయిన నెలలో మక్క కంకులు ఇంటికి చేర్చడానికి గెట్టు పంచాయితీ అయింది. తన చేను మూల మీదుగా అందరూ పోతుంటే తాను ఎవరిని ఆపగలడు? తానూ అదే పని చేస్తున్నాడు కదా. ఇదంతా ఆయన కోపం లేకుండా చెప్పాడు. కోపపడి ఉంటే మాకు సులువుగా ఉండేది.

తమ్ముడు మాత్రం ఆ గోడ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. నొప్పికి అనుకున్నాము.

తాత తన టి.వి.ఎస్. మోపెడ్ తెచ్చాడు. దాని ముందు భాగంలో యూరియా సంచి. సంచి దింపి, తమ్ముడిని వెనుక ఎక్కించుకుని, కాలు నేలకు తగలకుండా తువ్వాలుతో కట్టి, ఏ చేను గట్టు మీద నుండి పోతే బురద ఉండదో ఆ గట్టు మీద నుండి అరగంటలో తారు రోడ్డు చేర్చాడు. మా నాలుగు బండ్ల ఖరీదు కలిపి ఎన్ని లక్షలో లెక్క వేయడానికి మనస్కరించలేదు. తోలేవారు తెలిసినవారైతే యాభై సీసీల మోపెడ్‌కు తెలియని బాట లేదు.

రోడ్డు మీద మాస్టారు జేబులో ఉన్నదంతా తీసి తాత చేతిలో పెట్టబోయారు. ఆయన లెక్కపెట్టి, మూడు కిలోల విత్తనం ధర తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేశాడు. “మల్ల ఇత్తుకుంట. పదను ఉన్నది” అన్నాడు. మేము బండి ఎక్కబోతుంటే అడిగాడు: “మీరు సదువుకున్నోళ్ళు. బాట మూసిండ్రని సోమారం సంగారెడ్డిల దరఖాస్తు ఇస్తున్న. బాట ఉండె, ఇప్పుడు గోడున్నది, మేం సూసినం అని నాలుగు సంతకాలు వెడ్తరా?”

పెడతామన్నాము. తమ్ముడు ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు.

పటాన్‌చెరులో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, నరం బెణికింది, మూడు వారాలు కాలు కింద పెట్టవద్దన్నారు. మరునాడు ఆదివారం సాయంత్రం చూడటానికి వెళితే అతడు మంచం కింది నుండి ఒక రంగుల కాగితం తీసి మా ముందు పెట్టాడు. వెంచరు ప్లాను. వెనుక వైపు నుండి వచ్చాము గనుక మొదట పోల్చుకోలేదట. గోడ మీద నుండి లోపలి నీళ్ళ ట్యాంకు కనిపించగానే తెలిసిందట. అందులో నూట యాభై గజాల ప్లాటు అతడిది. ప్రావిడెంట్ ఫండు నుండి అడ్వాన్సు తీసి సగం కట్టాడు, మిగతా సగానికి వాయిదాలు. మాస్టారు తన ఫోనులోని నక్షను పెద్దది చేసి ప్లాను పక్కన పెట్టారు. రెండింటిలోనూ చెరువు కట్ట ఉంది గనుక పోల్చడం కష్టం కాలేదు. బాట గీతలు అతడి ప్లాటు మూల మీదుగా పోతున్నట్టే ఉన్నాయి. పక్క ప్లాటు మీదుగా కావచ్చు కూడా. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిస్తే గాని తేలదు.

“కొలవకపోతే?” అన్నాడు తమ్ముడు.

ఎవరమూ జవాబు చెప్పలేదు. వాళ్ళ అమ్మ టీ తెచ్చింది. సంతకం పెట్టమని మేము అడగలేదు, పెట్టవద్దనీ అనలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఇంగ్లండులో కూడా పాత బండ్ల బాటల మీద ఇదే తగవు ఉంది. సరిగా నమోదు కాని బాటలలో చాలావాటిపై మోటారు బండ్ల హక్కును 2006లో చట్టం చేసి తీసివేశారు. అక్కడ బండ్ల వారి నుండి బాటను కాపాడుకోవలసి వచ్చింది. ఇక్కడ బాటే లేకుండా పోతున్నది. ఈ మాట టీ త్రాగుతూ మాస్టారు చెబితే, తమ్ముడు విననట్టే కిటికీలోంచి తన ఇంపల్స్‌ను చూస్తూ కూర్చున్నాడు. దాని చక్రాలకు రేగడి ఎండి పెచ్చులుగా ఊడుతున్నది.

సోమవారం పదిన్నరకు సంగారెడ్డి కలెక్టరేటుకు ప్రజావాణి కోసం మేము ముగ్గురం వెళ్ళాము. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దరఖాస్తు మాస్టారు వ్రాశారు; సర్వే నెంబర్లు, నక్ష నకలు జత చేశారు. కింద మూడు సంతకాలు చేసి, టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చున్నాము. పదకొండు దాటాక గేటు దగ్గర ఆటో ఆగింది. తమ్ముడు చంక కింద కర్ర పెట్టుకుని ఒంటి కాలితో దిగాడు. మా వైపు రాలేదు. తాత పక్కన కూర్చుని, సెనగ మళ్ళీ విత్తావా అని అడిగాడు. విత్తిన అన్నాడు తాత. కాలు ఎట్లున్నది అని ఆయన అడిగాడు. తరువాత తమ్ముడు దరఖాస్తు అడిగి తీసుకుని మొదటి నుండి చివరి వరకు రెండుసార్లు చదివాడు. చేతి సంచిలో ఉన్న వెంచరు ప్లాను తీసి మడత విప్పాడు. “దీన్ని కూడా జత చేస్తే కొలిచేటోళ్ళకు తొందరగ దొరుకుతది” అని మాస్టారి చేతిలో పెట్టి, మా దగ్గర పెన్ను తీసుకున్నాడు.

మా టోకెను నెంబరు పిలిచారు. ముందుగా కర్ర పట్టుకుని లేచినది అతడే.